గుర్తులు రెండు

ముంబయి నుంచి అహమ్మదాబాదుకు పోయే రైలు మార్గంలో నవసారి దాటిన తరువాత మరోలి, సచిన్, భేస్తాన్, ఉధ్నా స్టేషన్లు వరుసగా వస్తాయి. ఆ పైన సూరతు. వేగంగా పోయే బండ్లు చాలావరకు భేస్తాన్‌లో ఆగవు. కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికునికి కనిపించేవి రేకుల కప్పులు, వాటి నడుమ ఇరుకు సందులు. చాలా కప్పుల కింద ఉన్నవి మరమగ్గాలు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆ మాట తెలిసినవారు సూరతులో తక్కువమంది లేరు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నేత కుటుంబాలు దశాబ్దాల క్రితం బ్రతుకుతెరువు వెదుక్కుంటూ భివండికి, షోలాపురానికి పోయినట్లే సూరతుకూ పోయి అక్కడి పేటలలో స్థిరపడ్డాయి. సూరతు నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం బడులు కూడ ఉండడానికి కారణం ఇదే.

అట్టి కుటుంబం ఒకటి భేస్తాన్‌లో ఎనిమిది మగ్గాలు పెట్టుకొని ఉన్నదనుకుందాం. మగ్గం మీద నుంచి దిగిన గుడ్డను రంగు పడకముందే తానుల లెక్కన వ్యాపారికి అప్పగించడం ఇన్నాళ్లూ వారి పని. ఆ గుడ్డ మీద ఎవరి పేరు పడుతుందో, ఏ ఊళ్లో ఎవరు దానిని కడతారో వారికి తెలియదు. కాలేజీ చదువు ముగించిన కూతురికి ఈ పద్ధతి నచ్చలేదు. కొంత గుడ్డకు బయట కూలి ఇచ్చి రంగు, అచ్చు వేయించి, చీరలుగా సొంత పేరుతో అమ్మాలనుకున్నది. దుకాణానికి బాడుగ కట్టే శక్తి లేదు గనుక దుకాణాన్ని వెబ్‌సైటులో పెట్టింది. కొనేవారు తెలుగువారు గనుక ప్రతి చీరను గురించి తెలుగులోనే నాలుగు మాటలు వ్రాయాలని సంకల్పించింది.

మొదటి వారంలోనే ఆమెకు రెండు చిక్కులు ఎదురవుతాయి. పుట పైభాగాన పెట్టిన గుర్తు, అనగా లోగో, సెల్‌ఫోను తెరలో సగం స్థలాన్ని ఆక్రమించుకున్నది. చీర చూడాలంటే వేలితో పుటను పైకి నెట్టాలి. ఇది మొదటిది. రాత్రి గంటసేపు కూర్చుని టైపు చేసిన వివరణ, కరెంటు పోయి మళ్లీ వచ్చేసరికి లేదు. ఇది రెండవది. వెబ్‌సైటు నడిపేవారిలో ఈ రెండూ అనుభవం కానివారు అరుదు. సరిచేయడానికి కావలసిన సమయమూ కొద్దిదే. కాని వీటి వెనుక ఉన్న సమస్యలు కంప్యూటరు కంటె చాలా పాతవి. తెలుగులో ఈ రెంటికీ ఒకే మాట ఉండడం ముచ్చటైన విషయం. ఇతరులు మనలను పోల్చుకోవడానికి పెట్టుకునేది గుర్తు. మరచిపోకుండా నిలుపుకునేదీ గుర్తే.

మొదటి రకం గుర్తు సూరతుకు కొత్త కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలోను, 1613లో సూరతులోను వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నది. డచ్చివారు కూడ ఈ రెండు రేవులలోనూ ఉన్నారు. రెండింటి నుంచీ ఓడలకెక్కిన సరుకులలో ముఖ్యమైనది గుడ్డ. బిగించి కట్టిన గుడ్డ బేళ్ల మీద కంపెనీ గుర్తు వేసేవారు. ఇంగ్లీషువారి గుర్తు గళ్లుగా విభజించిన హృదయాకారం. గళ్లలో కంపెనీ పేరులోని మొదటి అక్షరాలు, పైన 4 అంకెను పోలిన శిలువ. డచ్చి కంపెనీ గుర్తు ఇంకా సరళమైనది. ‘వి’ అనే రోమను అక్షరం పెద్దదిగా వేసి, దాని రెండు చేతుల మీద ‘ఓ’, ‘సి’ అనే అక్షరాలను చెరొకటి తగిలించినట్లుంటుంది.

గుర్తు వేసినవాడు, బేలు మోసినవాడు, ఓడ అడుగున పేర్చినవాడు, సముద్రాల ఆవల గిడ్డంగిలో దించుకున్నవాడు - వీరిలో ఒకరి లిపి ఒకరికి రాదు. ఉప్పునీటికి సగం చెరిగినా, తాడు అడ్డం వచ్చినా, మసక వెలుతురులో చూసినా బేలు ఎవరిదో తెలియాలి. అందుకే ఆ గుర్తులలో పూలు, లతలు, సింహాలు లేవు. డచ్చి కంపెనీ 1602లో పుట్టి 1799 చివరితో అంతరించింది. దాని గుర్తు రాగి నాణెం మీద గోరంతగా, పింగాణీ పళ్లెం మీద అరచేయంతగా, ఫిరంగి గొట్టం మీద అంతకంటె పెద్దదిగా కనిపిస్తుంది. ఎక్కడ చూసినా అదే గుర్తు. చిన్నదైనప్పుడు చెడిపోలేదు, పెద్దదైనప్పుడు బోసిపోలేదు. ఆ కంపెనీ చేసిన పనులలో మెచ్చుకోదగినవి ఎన్ని అనే ప్రశ్న వేరు.

మన కాలంలో ఇట్టి గుర్తులకు ఉదాహరణ కావాలంటే భేస్తాన్ మీదుగా పోయే రైలు మార్గం చివరనే దొరుకుతుంది. అహమ్మదాబాదులో 1961లో స్థాపించిన జాతీయ డిజైన్ సంస్థలో శేఖర్ కామత్ రూపొందించిన స్టేట్ బ్యాంకు గుర్తు 1971లో వాడుకలోకి వచ్చింది. నీలి వృత్తం, నడుమ చిన్న రంధ్రం, అక్కడి నుంచి కిందికి సన్నని చీలిక. అంతే. బ్యాంకు శాఖ మీది బోర్డులో ఎంత స్పష్టంగా ఉంటుందో పాసుపుస్తకం మీదా అంతే. సెల్‌ఫోన్లను ఎవరూ ఊహించని రోజులలో గీసిన ఆ బొమ్మ నేడు ఫోను తెర మీద చిటికెనవేలి గోరంత గడిలో హాయిగా ఇమిడిపోయింది. దేవాశిస్ భట్టాచార్య ఆ సంస్థలో విద్యార్థిగా ఉన్నప్పుడు గీసిన దూరదర్శన్ కన్ను కూడ ఆ కోవలోనిదే.

భేస్తాన్ అమ్మాయి పెట్టుకున్న గుర్తు ఇట్లా ఉండదు. లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సువారు ఇచ్చిన బొమ్మనే ఆమె వెబ్‌సైటుకు ఎక్కించింది. అందులో లక్ష్మీదేవి, రెండు ఏనుగులు, చుట్టూ తామరలు, కింద కుటుంబం పేరు తెలుగులోను గుజరాతీలోను ఉన్నాయి. చీర మడతకు అంటించే లేబులుగా అది చక్కనిదే. తెర మీద దాని సంగతి వేరు.

నేత తెలిసినవారికి తెర మీది బొమ్మను గురించి చెప్పడం సులభం. బుటా వేయదలచినవారు ముందుగా దానిని గళ్ల కాగితం మీద వేస్తారు. ఒక్కొక్క గడి పడుగు పోగు, పేక పోగు కలిసే చోటు. నూరు గడుల వెడల్పున్న బుటాను ఇరవై గడులలోకి దించాలంటే కాగితాన్ని నొక్కితే కుదరదు. ఏ రేఖ ఉండాలి, ఏది పోవాలి అని తేల్చుకొని మళ్లీ గీయాలి. తెర కూడ గళ్ల కాగితమే. దాని గడిని పిక్సెల్ అంటారు. పెద్ద బొమ్మను చిన్న చోటులో చూపమన్నప్పుడు కంప్యూటరు ఏ రేఖ ముఖ్యమో ఆలోచించదు. నాలుగు గడుల రంగులు కలిపి ఒక గడిలో పోస్తుంది. ఏనుగు తొండం, తామర రేకు కలిసి బూడిదరంగు మరక అవుతాయి.

బ్రౌజరులో పుట పేరు పక్కన కనిపించే చిన్న గుర్తుకు చిరకాలంగా ఉన్న కొలత 16 గడుల పొడవు, 16 గడుల వెడల్పు. మొత్తం 256 గడులు. ఇక్కడ తెలుగు లిపికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉన్నది. రోమను లిపిలోని పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ వంటిది. నడుమ అక్షరం, పైన గుడి, కింద వత్తు. ‘లక్ష్మీ’ అనే మాటలోని రెండవ అక్షరాన్ని 16 వరుసలలో ఇమడ్చబోతే అంతస్తుకు ఐదేసి వరుసలు కూడ సరిగా రావు. ఆ ఐదింటిలో మకారపు వత్తు వంపు తిరగడానికి చోటు లేదు. తెలుగులో పేరు పెట్టుకున్న సంస్థలు కూడ గుర్తు దగ్గరకు వచ్చేసరికి ఇంగ్లీషు అక్షరానికి దిగడానికి ఇది ఒక కారణం కావచ్చు. అట్లా దిగనవసరం లేదు. వత్తులు, గుణింతాలు లేని ఒక్క అక్షరాన్ని ఎన్నుకొని లావుగా వ్రాస్తే చాలు. ‘ల’ అనే అక్షరానికి ఉన్న గుండ్రని ఒంపు ఏ రోమను అక్షరానికీ తీసిపోదు.

బొమ్మను దాచే పద్ధతులలోనూ రెండు రకాలున్నాయి. ఒకటి, పైన చెప్పిన గడుల లెక్క. రెండవదానిని ముగ్గుతో పోల్చవచ్చు. ఇంత వరుసన ఇన్ని చుక్కలు, ఈ చుక్కను ఆ చుక్కతో కలుపు అని తెలిస్తే ఒకే ముగ్గును గడప ముందూ వేయవచ్చు, గుడి ముంగిట రథమంతా వేయవచ్చు. ముగ్గు దాచుకున్నవారు దాచుకున్నది పిండి కాదు, వేసే విధానం. ఎస్‌వీజీ అనే పద్ధతి ఇదే. 2001లో వెబ్ ప్రమాణాల సంఘం దీనిని ఆమోదించింది. ఇందులో బొమ్మ అంటే గీతలు గీసే ఆదేశాలు. ఎంత కొలతలో కావాలంటే అంతలో యంత్రం మళ్లీ గీస్తుంది గనుక అంచులు పగలవు. అయితే విధానం చెప్పగలిగేటంత సరళమైన బొమ్మకే ఇది పనికివస్తుంది. లక్ష్మీదేవి ముఖంలోని కళను ఆదేశాలుగా వ్రాయబూనితే అది ముగ్గు కాదు, పురాణమవుతుంది.

ఇక కొలత మార్చడం. వెబ్‌సైటులలో ఐదింట రెండు వంతులకు పైగా ఆధారమైన వర్డ్‌ప్రెస్‌లో యజమాని తన లోగోను నేరుగా అమర్చుకునే ఏర్పాటు 2016లో వచ్చింది. 2021 నుంచి కొత్త తరహా పుటలలో మీటను జరిపి వెడల్పు మార్చుకోవచ్చు. వెడల్పు నిర్ణయించి ఎత్తును యంత్రానికి వదిలివేయాలి. రెండూ పట్టుబట్టి చెబితే ఏనుగు గుర్రమవుతుంది. బొమ్మ వచ్చేలోపల దానికి కావలసిన చోటును పుటలో ముందే కేటాయించాలి. లేకపోతే బొమ్మ ఆలస్యంగా దిగినప్పుడు కింద ఉన్నదంతా ఒక్కసారి జరుగుతుంది. ఒక చీర మీద పెట్టిన వేలు మరొక చీర మీద పడుతుంది. ప్రెస్సువారిచ్చిన బొమ్మ 4,000 గడుల వెడల్పు ఉండవచ్చు. దానిని తెర మీద 150 గడులలో చూపమన్నంత మాత్రాన బొమ్మ బరువు తగ్గదు. కొనబోయేవాడి ఫోను 4,000 గడులనూ దింపుకొని, 150లో చూపించి, మిగిలినది పారవేస్తుంది. ఆ వృథాకు డబ్బు కట్టేది కొనేవాడు. నేటి ఫోన్ల తెరలు సన్ననివి గనుక చూపదలచిన కొలతకు రెండు మూడింతలు, అనగా 300 నుంచి 450 గడుల బొమ్మ ఉంటే చాలు.

ఇన్ని చేసినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. అది యంత్రంలో ఉండదు, ఇంట్లో ఉంటుంది. “గుర్తు ఇంకింత పెద్దగ పెట్టు బిడ్డా, మనదని తెలువాలె గద” అని తండ్రి అంటాడు. “పెద్దగ పెడ్తే చీరె కనవడది బాపూ” అని కూతురు అంటుంది. ప్రపంచంలో లోగోలు గీసేవారందరూ తమ ఖాతాదార్ల నోట విన్న మాటే తండ్రి అన్నది. ఆయన తప్పు లేదు. సూరతు రింగురోడ్డు మార్కెట్టులో వేలకొలది దుకాణాలు పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ బోర్డు ఎంత పెద్దదైతే అంత దూరం నుంచి కనిపిస్తుంది. వెబ్‌సైటుకు వచ్చినవాడు అప్పటికే దుకాణం లోపల ఉన్నాడు. లోపలికి వచ్చినవాడి ముఖానికి బోర్డు అడ్డం పెట్టకూడదు. ఇంతకాలం గుడ్డ మీద తన పేరు చూసుకోని మనిషికి ఈ తర్కం వెంటనే రుచించదు. లోగోను కొంత తగ్గించి, చీర కొంగు లోపలి మడత మీద పేరును పెద్దగా అచ్చు వేయిస్తే ఇంట్లో సఖ్యత నిలవవచ్చు.

రెండవ గుర్తు మరింత సున్నితమైనది. పోయిన వ్రాత మళ్లీ వ్రాసుకోవచ్చునని పైవారు సులువుగా అంటారు. 1835లో థామస్ కార్లైల్ తన ఫ్రెంచి విప్లవ చరిత్ర మొదటి సంపుటం చేతివ్రాత ప్రతిని మిత్రుడు జాన్ స్టూవర్ట్ మిల్‌కు చదవడానికి ఇచ్చాడు. మిల్ దగ్గర ఉండగా పనిమనిషి దానిని చిత్తుకాగితాలనుకొని పొయ్యిలో వేసింది. కార్లైల్ దగ్గర మరొక ప్రతి లేదు. వ్రాయడం ముగియగానే తాను తీసుకున్న టిప్పణాలను కూడ చించివేసే అలవాటు ఆయనది. మిల్ 200 పౌన్లు ఇవ్వజూపితే 100 పౌన్లు పుచ్చుకొని మళ్లీ కూర్చున్నాడు. పుస్తకం 1837లో వెలువడి ఆయనకు కీర్తి తెచ్చింది. కాని మొదటి ప్రతి ఎట్లా ఉండేదో లోకానికి తెలియదు. తిరిగి వ్రాసినది పోయినది కాదు, మరొకటి.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ మన తెలుగునాటిదే. తాళ్లపాక అన్నమాచార్యుడు 1503లో మరణించాడు. ఆయన సంకీర్తనలు 32,000 అని ప్రతీతి. వాటిని రాగిరేకుల మీద చెక్కించే పని కుమారుడు పెదతిరుమలాచార్యుడు చేయించాడు. ఆ రేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా ఉండి, 20వ శతాబ్ది మొదటి భాగంలో పండితుల దృష్టికి వచ్చాయి. నేడు మనకున్న 12,000కు పైగా సంకీర్తనలు ఆ రేకుల పుణ్యమే. పాడినవాడు ఒకడు, నిలిపినవాడు మరొకడు. పాట కట్టేవాడు మధ్యమధ్య ఆగి రాగిరేకుల లెక్క చూసుకోవలసిన అవసరం రాలేదు. వెబ్‌సైటులో ఆటోసేవ్ అనే ఏర్పాటు ఈ పని విభజనే. వ్రాసేవాడు వ్రాస్తాడు. దాచే బాధ్యత మరొకరిది.

ఆ మరొకరు యంత్రమైతే ఎట్లా ఉంటుందో మగ్గమే ముందు చూపించింది. జపానులో సకిచి తొయోదా 1924లో పూర్తిచేసిన మగ్గం పోగు తెగిన క్షణాన తనంత తానే ఆగేది. నాడెలోని కండె అయిపోవచ్చినప్పుడు మగ్గం ఆగకుండానే కొత్త నాడెను అందుకునేది. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ సంస్థ దాని హక్కులను కొన్నది. అంతవరకు నేతగాడి కళ్లు చేసే కాపలాను యంత్రం తీసుకోవడం వల్ల ఒక మనిషి అనేక మగ్గాలను చూసుకోగలిగాడు. కంప్యూటరులో వ్రాతకు అట్టి కాపలా కొన్ని దశాబ్దాల తరువాత వచ్చింది. ప్రోగ్రాములు వ్రాసేవారు వాడే గ్ను ఈమాక్స్ అనే సాధనం 300 మీటలు నొక్కగానే, లేదా నొక్కడం ఆపి 30 సెకన్లు ఊరకున్నప్పుడు, వ్రాసినదానికి వేరే ప్రతి ఒకటి తీస్తుంది. అసలు ప్రతిని ముట్టుకోదు. ఈ చివరి మాట ముఖ్యమైనది. వ్రాసేవాడు పొరపాటున పేజీ అంతా చెరిపివేస్తే, ఆ చెరిపివేతను కూడ శ్రద్ధగా దాచి అసలును పోగొట్టే కాపలావాడు ఉండి ప్రయోజనం లేదు.

ఎప్పుడు దాచాలి? ప్రతి అక్షరానికీ దాచబోతే ఫోను, సర్వరు రెండూ అలసిపోతాయి. ఈ సమస్యను బస్సు కండక్టరు ఏనాడో తేల్చాడు. ఎక్కేవారు ఎక్కుతుండగా గంట కొట్టడు. చివరివాడు ఎక్కి, క్షణం పాటు ఎవరూ రాకపోతే కొడతాడు. టైపు చేసే వేళ్లు ఒకటి రెండు సెకన్లు ఆగినప్పుడు దాచమని యంత్రానికి చెప్పడం ఇట్టిదే. అయితే జాతర రోజున ఎక్కేవారు తెగకుండా వస్తుంటే ఆ బస్సు ఎన్నటికీ కదలదు. కాబట్టి ఎవరు ఎక్కుతున్నా ఇన్ని నిమిషాలకు బయలుదేరాలని రెండవ నియమం కూడ ఉండాలి. మొదటి నియమం పెట్టి రెండవది మరచిన ప్రోగ్రాములు, ఆగకుండా చకచకా వ్రాసేవారినే మోసం చేస్తాయి.

ఎక్కడ దాచాలి అనేది అంతకంటె పెద్ద ప్రశ్న. వర్డ్‌ప్రెస్ మామూలుగా 60 సెకన్లకు ఒకసారి వ్రాతను దూరాన ఉన్న సర్వరుకు పంపుతుంది. సంబంధం తెగినా నష్టం లేకుండా, 2013 నుంచి, 15 సెకన్లకు ఒకసారి బ్రౌజరులోనే మరొక ప్రతి ఉంచుతున్నది. భేస్తాన్ అమ్మాయికి కరెంటు పోయినప్పుడు కలిగే నష్టం ఈ లెక్కన కొన్ని వాక్యాలకు మించకూడదు. మరి గంటసేపటి వ్రాత ఎట్లా పోయింది? ఆమె వ్రాసినది ఆ ఏర్పాటు ఉన్న పుటలో కాదు. సరుకు వివరాలకోసం ఎవరో అమర్చి ఇచ్చిన చిన్న పెట్టెలో. చూడడానికి రెండు పెట్టెలూ ఒకే విధంగా ఉంటాయి. ఒకదాని వెనుక రాగిరేకులున్నాయి, రెండవదాని వెనుక ఏమీ లేదు. ఇట్టి పెట్టెకు బ్రౌజరులో దాచే ఏర్పాటు చేర్చడం ప్రోగ్రాము తెలిసినవారికి పది పన్నెండు పంక్తుల పని. బ్రౌజరు ఒక్కొక్క వెబ్‌సైటుకు సుమారు 5 మెగాబైట్ల చోటు ఇస్తుంది. చీరల వివరణలకు అది కావలసినదానికంటె ఎక్కువ.

బ్రౌజరులోని దాపు గురించి కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. అది ఆ ఫోనులో, ఆ బ్రౌజరులో మాత్రమే ఉంటుంది. ఫోనులో మొదలుపెట్టిన వ్రాత కంప్యూటరులో కనబడదు. రహస్య కిటికీలో వ్రాస్తే అది మూయగానే పోతుంది. కొన్ని దాపులు కిటికీ తెరిచి ఉన్నంతసేపే ఉంటాయి. సర్వరులోని ఆటోసేవ్‌కూ పరిమితి ఉన్నది. వర్డ్‌ప్రెస్ ఒక వ్రాతకు, ఒక మనిషికి, ఒకే ఆటోసేవ్ ప్రతిని ఉంచుతుంది. కొత్తది వస్తే పాతది పోతుంది. మనం మీట నొక్కి దాచినవాటికి మాత్రం పాత ప్రతులు కూడ వరుసగా నిలిచి ఉంటాయి. కాబట్టి ఆటోసేవ్ ఉన్నది గదా అని మీట నొక్కడం మానుకున్నవారు నిన్నటి వాక్యం నేటిదానికంటె బాగున్నదని గ్రహించే సమయానికి నిన్నటిది ఉండకపోవచ్చు. లోగడ ప్రచురించిన పుటను దిద్దుతున్నప్పుడు ఆటోసేవ్ ప్రతి విడిగానే ఉంటుంది, జనం చూసే పుట మారదు. సగం దిద్దిన ధర ఊరందరికీ కనిపించే ప్రమాదం ఇందువల్ల తప్పింది.

తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటి ఉన్నది. పాత డేటాబేసులలో కొన్నింటిని రోమను అక్షరాల కోసమే అమర్చారు. వాటిలో తెలుగు వ్రాసి దాస్తే ‘భద్రపరచబడినది’ అనే సమాధానం వస్తుంది. మరునాడు తెరిచి చూస్తే అక్షరానికొక ప్రశ్నార్థకం చొప్పున పంక్తులకు పంక్తులు ప్రశ్నార్థకాలే ఉంటాయి. అక్షరాలు మరుగున పడలేదు, నశించాయి. ఏ ప్రశ్నార్థకం ఏ అక్షరమో తిరిగి చెప్పగలవాడు లేడు. డేటాబేసును యూనికోడుకు మార్చకుండా నిమిషానికొకసారి ఆటోసేవ్ పెట్టించుకుంటే నిమిషానికొకసారి ప్రశ్నార్థకాలు దాచినట్లు అవుతుంది. అందువల్ల కొత్త చోట మొదట ‘క్ష్మ’ వంటి అక్షరం ఉన్న ఒక్క మాట వ్రాసి, దాచి, మళ్లీ తెరిచి చూడడం మంచిది.

సూరతువారికి దాపును గురించి ఎవరూ చెప్పనవసరం లేని పాఠం 2006 ఆగస్టులో దొరికింది. ఉకాయి ఆనకట్ట నుంచి విడిచిన నీటితో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగాన్ని ముంచింది. నేలంతస్తులలో ఉన్న లెక్కల పుస్తకాలు, డిజైను కాగితాలు, కంప్యూటర్లు బురదపాలైనాయి. కంప్యూటరు పక్కనే ఉన్న అలమరలో దాచుకున్న నకలు కంప్యూటరుతో పాటే మునిగింది. వెబ్‌సైటు అద్దెకు ఇచ్చే సంస్థలు చాలావరకు రోజుకొక నకలు తీస్తామంటాయి. ఆ నకలు అసలు ఉన్న సర్వరులోనే ఉన్నదా, మరొక ఊళ్లో ఉన్నదా అని అడిగేవారు తక్కువ. వారానికొకసారి చీరల వివరణలన్నీ ఒక ఫైలుగా దింపుకొని కరీంనగరులో ఉన్న మేనమామకు పంపితే, ఆయన దానిని తెరవకపోయినా ఫరవాలేదు. తిరుమలలో రేకులను కూడ ఎవరూ రోజూ తెరిచి చూడలేదు.

ఈ ఏర్పాట్లు పనిచేస్తున్నాయో లేదో కరెంటు పోయేవరకు ఆగకుండానే చూసుకోవచ్చు. వివరణ పెట్టెలో మూడు పంక్తులు వ్రాసి, ఫోనులో ఇంటర్నెట్టును ఆపి, ఒక నిమిషం ఊరుకొని, బ్రౌజరును మూసివేయాలి. తరువాత ఇంటర్నెట్టు పెట్టి, పుట తెరవాలి. మూడు పంక్తులూ వస్తే సరే. రెండే వస్తే ఎన్ని సెకన్లకు ఒకసారి దాస్తున్నదో లెక్క తేలుతుంది. ఏదీ రాకపోతే, వివరణలను ముందు ఫోనులోని నోటు పుస్తకంలో వ్రాసుకొని అక్కడి నుంచి తెచ్చి అతికించుకోవడం తప్ప, ఆ పెట్టెను బాగుచేయించేవరకు వేరే దారి లేదు. గుర్తు కొలతకు పరీక్ష ఇంకా తేలిక. ఫోనును చేయి చాచినంత దూరాన పట్టుకొని, అద్దాలు పెట్టుకోని నాయనమ్మకు చూపించి, ఇది ఎవరిదో చెప్పమనాలి. ఆమె ఏనుగులను లెక్కపెట్టబోతే బొమ్మ మార్చవలసిందే.